గొలుసులు తీసిన తరువాత

ధ్యానభాగము: మార్కు 5:1–20

సమాధులలో కాపురమున్న గెరాసేనుల దేశస్థుని కథ మనము చిన్ననాటి నుండి వినుచున్నదే. ఆ ఊరివారు అతనికి సంకెళ్లు వేసిరి. అతడు తెంపుకొనెను. వారు మరల వేసిరి. వారు దుర్మార్గులని సువార్తికుడు ఎక్కడను చెప్పలేదు. వారికి భయము కలదు, పసిపిల్లలు కలరు, పగలెల్ల చేసికొనవలసిన పనులు కలవు. తమకు తెలిసిన ఉపాయము వారు చేసిరి. కాబట్టి చదువరులారా, మనము ఆ ఊరివారికి దూరముగా నిలిచి తీర్పు తీర్చక, వారి నడుమ నిలిచి ఒక ప్రశ్న వేసికొందము. మతి చెదిరిన మనిషిని, అతని మేలు కొరకే అయినను, కట్టివేయుటకు మనకు హక్కు కలదా?

మన దేశపు చట్టములు ఈ ప్రశ్నకు కాలమును బట్టి వేర్వేరు జవాబులు చెప్పినవి. 1912 నాటి చట్టము ఇట్టివారిని ఉన్మాదులని పేర్కొని, వారిని ఎక్కడ, ఎవరి ఉత్తరువుతో ఉంచవలెనన్న దానిమీదనే ముఖ్యముగా దృష్టి నిలిపెను. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము ఆ పేరును తీసివేసి, వారిని రోగులుగా చూచెను. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇంకొక అడుగు వేసి, రోగిని హక్కులు గల మనిషిగా నిలువబెట్టెను. ఈ రెండు చట్టముల నడుమ ఒక ఘోరము జరిగినది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోరి తీసికొని రాబడిన రోగులుండు ఒక ప్రైవేటు ఆశ్రయమునకు నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. గొలుసులతో కట్టబడియుండుటచేత వారు పారిపోలేకపోయిరి. వారిని అక్కడికి తెచ్చిన బంధువులలో ప్రేమతో తెచ్చినవారు లేరని ఎవరు చెప్పగలరు?

క్రొత్త చట్టము 95వ సెక్షనులో మానసిక రోగిని ఏ విధముగానైనను గొలుసులతో కట్టరాదని ఖండితముగా చెప్పుచున్నది. తన బట్టలు తాను కట్టుకొను హక్కును, బలవంతముగా తల గొరిగింపబడకుండు హక్కును, చేసిన పనికి కూలి పొందు హక్కును అతనికిచ్చుచున్నది. తనకు ఎట్టి వైద్యము కావలెనో, ఎట్టిది వద్దో, మనస్సు నిలకడగా ఉన్నప్పుడే వ్రాసిపెట్టుకొనవచ్చునని చెప్పుచున్నది.

ఇక్కడ ఒక తల్లి అడుగు మాట వినకుండ ముందుకు పోవుట న్యాయము కాదు. "అయ్యా, చట్టము బాగుగానే యున్నది. నా కుమారుడు అర్ధరాత్రి లేచి బావివైపు పోవును. నేను తెల్లవారి కూలికి పోనియెడల పొయ్యి వెలుగదు. వానిని కట్టక నేనేమి చేయుదును?" కొనకనమిట్ల వంటి మెట్ట ప్రాంతములలో, వానలు లేని యేట సగము ఊరు పనుల కొరకు వలసపోవు పల్లెలలో, ఇది కల్పించిన ప్రశ్న కాదు. మన రాష్ట్రములోని పెద్ద మానసిక వైద్యశాల విశాఖపట్నములో ఉన్నది. ఇక్కడినుండి అది నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే.

చట్టము ఈ తల్లికి కన్నులు మూసికొనలేదు. రోగి తనకుగాని ఇతరులకుగాని హాని చేయు స్థితిలో ఉండి, తానుగా నిర్ణయించుకొనలేనప్పుడు, అతని ప్రతినిధి కోరికపై ఆస్పత్రిలో చేర్చవచ్చును. అయితే ఇద్దరు వైద్య నిపుణులు వేర్వేరుగా పరీక్షింపవలెను. 30 దినములు దాటి ఉంచవలెనన్న సమీక్షా మండలి అనుమతి కావలెను. చేర్చుట అన్యాయమని తోచినయెడల రోగి ఆ మండలికి మొరపెట్టుకొనవచ్చును. కొంత నిర్బంధము తప్పదని చట్టము కూడ ఒప్పుకొనుచున్నది. గాని ఆ నిర్బంధమునకు కారణము వ్రాయబడును, గడువు ఉండును, అడుగువాడు ఉండును. ఇంటి గొలుసుకు తారీఖు లేదు. ఈ వారము వేసినది పదేండ్లయినను ఉండును, దానిని ఎందుకు తీయలేదని అడుగువాడు ఉండడు.

97వ సెక్షనులో మరియొక మాట కలదు. ఆస్పత్రిలో రోగిని తాత్కాలికముగా పట్టి ఆపవలసి వచ్చినను, అది శిక్షగా చేయరాదు, సిబ్బంది చాలరను సాకుతోను చేయరాదు. ఈ మాట మన మనస్సాక్షిని గ్రుచ్చవలెను. ఆ తల్లి యింట గొలుసు ఎందుకున్నది? అక్కడ సిబ్బంది ఆమె ఒక్కతెయే గనుక. గొలుసు ఆమెకు బదులుగా కాపలా కాయుచున్నది. కాబట్టి గొలుసు తీయుమని చెప్పువాడు ఆ కాపలాలో కొంత తన నెత్తిన వేసికొనవలెను. అట్లు చేయక ఆమెను నిందించుట ఆమె బరువు మీద ఇంకొక బరువు పెట్టుటయే. ఒకరి భారములను ఒకరు మోయవలెనని గలతీ సంఘమునకు వ్రాసిన అపొస్తలుడు చేతులతో చేయు పనిని గూర్చియే చెప్పెనని మేము నమ్ముచున్నాము.

ఆ దేశములో మన ప్రభువు చేసినదానిని గమనింపుడు. ఆయన ఆ మనిషిని పేరు అడిగెను. ఆ ఊరిలో చాలకాలముగా అతనిని ఏదైన అడిగినవారు ఎవరైన ఉండిరా? స్వస్థుడైన తరువాత అతడు బట్టలు కట్టుకొని, బుద్ధి గలిగి కూర్చుండెను. అది చూచి ఊరివారు సంతోషింపక భయపడిరి. అతడు ప్రభువుతో పోవుదునని వేడుకొనగా, ఆయన అతనిని తన యింటివారియొద్దకే పంపెను. కుటుంబము చేర్చుకొనలేదను కారణము చేత మాత్రమే ఎవరిని ఆస్పత్రిలో నిలిపియుంచరాదని నేటి చట్టము 19వ సెక్షనులో చెప్పుచున్నది. ఇంటికి పంపుట సులభమే. ఇల్లు అతనిని చేర్చుకొనుటయే కష్టము.

కాబట్టి సంఘముగా మనము చేయదగినవి కొన్ని కలవు. మన ఊరిలో అట్టి యిల్లు ఉన్నదా అని పెద్దలు కనుగొనవలెను. ఆ తల్లి కూలికి పోవు దినములలో వంతులు వేసికొని ఆ యింట కూర్చుండవలెను. ఒంగోలు ఆస్పత్రికి బస్సు ఛార్జీ ఇచ్చి, ఒకరు తోడుగా పోవలెను. స్వస్థత కొరకు ప్రార్థించుచున్నామని చెప్పి మందులు మాన్పింపరాదు. ప్రార్థనయు మందును ఒకదానికొకటి శత్రువులు కావు. టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరున ఫోను చేసిన సలహా దొరకును. దీనికి రుసుము లేదు. అన్నిటికంటె ముందు, ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, నీకేమి కావలెనని అడుగవలెను. అతడు చెప్పునది మనకు మొదట అర్థము కాకపోవచ్చును. అయినను అడుగుట మానరాదు.