ఏ బల్ల ఆట ఆ బల్లదే

లిథువేనియాలో ఒక చిన్న పట్టణం. అక్కడి యువజన కేంద్రంలో ఒకామె పనిచేసేది. బడి వదిలాక పిల్లలు వచ్చి టేబుల్ టెన్నిస్ ఆడేవారు, ఇంట్లో చెప్పుకోలేనివి ఆమెతో చెప్పుకునేవారు. ఆమె అందరి గోడూ వినేది. ఆ గోడంతా ఇంటికి మోసుకెళ్లి, రాత్రంతా నిద్రపట్టక దొర్లేది.

2022లో యుక్రెయిన్‌లో యుద్ధం ముదిరాక ఆ కేంద్రానికి కొత్త పిల్లలు వచ్చారు. వారిలో ఒక కుర్రాడు సాయంత్రం పెట్టే రొట్టె సగం తిని, సగం జేబులో దోపుకునేవాడు. బల్ల మీద పెట్టింది బల్ల దగ్గరే తినాలన్నది అక్కడి కట్టుబాటు. ఆమె రెండుసార్లు వారించింది. మూడోసారి కోపం ఆగక, అందరి ముందూ అతని జేబు ఖాళీ చేయించింది. కుర్రాడు అరిచాడు, కుర్చీ తన్ని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఈ పని తనవల్ల కాదనుకుని ఆమె రాజీనామా రాసి పెట్టుకుంది.

అంతలో పోర్చుగల్‌లో శిక్షణకు వెళ్లే అవకాశం వచ్చింది. ఆమెలా యువతతో పనిచేసే యూత్ వర్కర్లను యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ప్లస్ పథకం కింద ఇలా వేరే దేశాలకు పంపుతారు. శిక్షణ 2 రోజుల నుంచి 60 రోజుల దాకా ఉంటుంది. కాస్త ఊపిరి పీల్చుకోవచ్చని మాత్రమే ఆమె వెళ్లింది.

అక్కడ ఒకరోజు పేకముక్కలు పంచారు. బల్లకు నలుగురు చొప్పున కూర్చున్నారు. ప్రతి బల్లకూ ఆట నియమాల కాగితం ఇచ్చి, నేర్చుకున్నాక వెనక్కి తీసేసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పకూడదు. గెలిచినవాళ్లు పై బల్లకు, ఓడినవాళ్లు కింది బల్లకు మారాలి. ఆమె గెలిచి పై బల్లకు వెళ్లింది. తురుపు వేసి పట్టు తీసుకోబోతే, ఎదుటి మనిషి ఆమె చెయ్యి నెట్టేసి ముక్కలు తనవైపు లాక్కున్నాడు. మరుసటి పట్టుకూ అదే జరిగింది. ఆమె చెవులు వేడెక్కాయి, దవడ బిగుసుకుంది. వీడు మోసగాడని మనసులో తేల్చేసుకుని, ముక్కలు బల్లకేసి కొట్టి లేచింది.

ఆట ఆపి కాగితాలు బయటపెట్టారు. ఆమె మొదటి బల్లలో ఇస్పేటు తురుపు, రెండో బల్లలో డైమను. ఒకచోట ఆసు అన్నిటికన్నా పెద్దది, ఇంకోచోట అన్నిటికన్నా చిన్నది. ఎవరూ మోసం చేయలేదు. ఈ ఆటను కూర్చింది చెన్నైలో పుట్టిన శివశైలం త్యాగరాజన్. 1980లో లైబీరియాలోని గ్బార్న్‌గా పట్టణంలో ఉండగా తయారుచేసి, ఆ ఊరి పేరు మీదే బార్న్‌గా అన్నాడు. ఎన్ని ఉపన్యాసాలు విన్నా తలకెక్కని సంగతిని అది ఒక్కపూటలో ఒంటికి తెలిసొచ్చేలా చేస్తుంది.

రోజూ పొద్దుగూకాక అయిదుగురేసి గుండ్రంగా కూర్చుని, ఆనాడు తమ మనసుకు ఏమైందో చెప్పుకునే ఏర్పాటు అక్కడ ఉండేది. అప్పటిదాకా ఆమె పిల్లల కష్టాలే చెబుతూ వచ్చింది. ఆ రాత్రి తన కోపం సంగతి చెప్పింది, రొట్టె సంగతి చెబుతూ ఏడ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో మాటమాటకూ ఆగాల్సి వచ్చింది. ఎవరూ సలహా ఇవ్వలేదు, చివరిదాకా విన్నారు.

తిరిగొచ్చాక ఆమె కుర్రాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగింది. వారాల తరబడి నేలమాళిగలో తలదాచుకున్నప్పుడు, దొరికినదాంట్లో సగం దాచుకోవడం అతనికి అలవాటైందని తల్లి చెప్పింది. కేంద్రంలో కట్టుబాటు మారింది. మిగిలిన రొట్టె ఇంటికి తీసుకెళ్లడానికి గుమ్మం దగ్గర సంచులు పెట్టారు. కుర్రాడు మళ్లీ రాసాగాడు, కానీ ఒక్కసారిగా మారిపోలేదు. ఇంకోరోజు ఇంకో కుర్చీ తన్నాడు. ఆమె చెవులు మళ్లీ వేడెక్కాయి. ఈసారి ఆ వేడిని పోల్చుకుని, నోరు తెరవకుండా ఆగింది. శుక్రవారం తాళం వేసేముందు తోటి ఉద్యోగులిద్దరినీ కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పుకుంది, వాళ్లవీ విన్నది. ప్రతి శుక్రవారం అలా కూర్చోవడం అలవాటైంది. ఆమె రాజీనామా ఇవ్వలేదు.

ఎదుటివాడు తప్పాట ఆడుతున్నాడని కోపం వచ్చినప్పుడు, అతను వేరే బల్ల దగ్గర నేర్చిన ఆట ఆడుతున్నాడేమోనని తోచాలంటే, మనం ఒక్కసారైనా పరాయి బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. పిల్లల మధ్య పనిచేసేవాళ్లను దేశం దాటించి శిక్షణ ఇప్పించేది ఇందుకే. కానీ అక్కడ కుదుటపడిన మనసు ఇక్కడ నిలవాలంటే, వాళ్ల గోడు వినడానికి సొంత ఊళ్లో ఇద్దరు మనుషులు, వారానికి ఒక గంట కావాలి. ఆ గంటను కూడా జీతమిచ్చే పనిగంటల్లోనే లెక్కగట్టాలి.