ఓడ మీద పట్టుచీర

మా అక్క సియాటిల్లో ఉంటుంది. 2023 జూన్‌లో అమ్మనీ నన్నూ అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్లింది. ఏడు రాత్రుల ప్రయాణం. బయలుదేరడానికి నెల ముందే ఓడ కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని మా ఇద్దరికీ ఫోన్లో చదివి వినిపించింది. ఏ ఊళ్లో ఎంతసేపు ఆగుతుంది, చలికి ఏం తెచ్చుకోవాలి లాంటి వివరాల మధ్య బట్టల గురించి ఒక పేరా ఉంది. ఏడింటిలో రెండు 'ఫార్మల్ నైట్స్'. ఆ రాత్రులు పెద్ద డైనింగ్ హాల్లో భోజనం చెయ్యాలంటే మగవాళ్లు సూటూ టై, ఆడవాళ్లు ఈవెనింగ్ గౌనో కాక్‌టెయిల్ డ్రెస్సో వేసుకోవాలి. ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకున్నా సరే. జీన్సూ, నిక్కర్లూ, రబ్బరు చెప్పులూ కుదరవు. అలా తయారవడం ఇష్టం లేనివాళ్లు పై డెక్ మీద బఫేలో తినొచ్చు.

"నేను బఫేలోనే తింటాలే" అన్నాను వెంటనే. అక్కకి కోపం వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ నా పక్షమే అనుకున్నాను.

సాహిత్యంలో పరిశోధన చేసిన దాన్ని కాబట్టి ఏ నియమాన్ని చూసినా దాని చరిత్ర వెతకడం నాకు అలవాటు. ఓడల మీద రాత్రి భోజనానికి ముస్తాబవడమనేది మొదటి తరగతి ప్రయాణికుల మర్యాదగా మొదలైంది. అయితే అక్కడ కూడా ఆడవాళ్లకి తేలిగ్గా గడిచింది లేదు. అమెరికాలో మర్యాదల మీద పెద్ద పుస్తకం రాసిన ఎమిలీ పోస్ట్ 1922లోనే, ఖరీదైన ఓడల్లో భోజనానికి నాట్యశాలకి వెళ్లే గౌన్లు వేసుకొచ్చే ఆడవాళ్లని తప్పుపట్టింది. తమ ఆడంబరం చూపించుకోవడానికి ఇంకో చోటు లేనివాళ్లే అలా చేస్తారని ఆమె ఉద్దేశం. తక్కువ వేసుకుంటే మొరటుతనం, ఎక్కువ వేసుకుంటే కొత్తగా డబ్బొచ్చిన లక్షణం. సరిగ్గా ఎంత వేసుకోవాలో ముందే తెలిసిన ఇళ్లలో పుట్టినవాళ్లకే ఆ సరైన కొలత తెలుస్తుంది. డ్రెస్ కోడ్ చేసే అసలు పని మనుషుల్ని వేరుచెయ్యడమని నాకు అనిపించింది.

ఇప్పుడీ నియమం అన్ని ఓడల్లోనూ ఒకేలా లేదు. 2004లో ప్రయాణాలు మొదలుపెట్టిన క్వీన్ మేరీ 2 లాంటి ఓడలు గాలా రాత్రుల సంప్రదాయాన్ని గర్వంగా కాపాడుకుంటున్నాయి. నార్వేజియన్ కంపెనీ 2000 లోనే 'ఫ్రీస్టైల్' పేరుతో తప్పనిసరి ఫార్మల్ రాత్రుల్ని వదిలేసింది. 2021లో ప్రయాణికులతో బయలుదేరిన వర్జిన్ వాయేజెస్‌లో ఫార్మల్ రాత్రి లేదుగానీ, ఒక రాత్రి అందరూ ఎర్రరంగు వేసుకోమని అడుగుతారు. ఈ మార్పులకి స్త్రీవాదం కారణమని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. సెలవులకి సూటు మోసుకెళ్లడం ఇష్టం లేని కొత్త తరం ప్రయాణికుల కోసం వ్యాపారం చేసిన సర్దుబాటు అది.

ఓడ ఎక్కిన రెండో రోజే మొదటి ఫార్మల్ రాత్రి. మా బావకి ఒకటే నల్లసూటు, ఎవరిదో పెళ్లికి కొన్నది. ఇరవై నిమిషాల్లో తయారయ్యాడు. అక్క మధ్యాహ్నం నాలుగింటికి మొదలుపెట్టింది. రెండు రాత్రులకి రెండు గౌన్లు, వాటికి సరిపోయే చెప్పులు, నగలు. మొదటి రాత్రి వేసుకున్నది రెండో రాత్రి వేసుకోకూడదని ఏ ఉత్తరంలోనూ రాసిలేదు. అయినా ఆడవాళ్లందరికీ తెలుసు. నేను ఈ లెక్కంతా అప్పజెప్పాను. నియమం ఇద్దరికీ ఉన్నట్టు కనిపిస్తుంది, ఖర్చూ శ్రమా నొప్పీ మాత్రం ఒకరికే అన్నాను.

అక్క జుట్టు సరిచేసుకుంటూనే జవాబు చెప్పింది. "పదిహేనేళ్లుగా జీన్సూ జాకెట్టూ వేసుకుని ఆఫీసుకెళ్తున్నాను. మా టీములో మగాళ్లంతా అవే వేస్తారు కనక నేనూ అవే వెయ్యాలి. కాస్త మంచి చెవిపోగులు పెట్టుకెళ్తే ఆ రోజు నా కోడ్ గురించి కాకుండా వాటి గురించి మాట్లాడతారు. అది డ్రెస్ కోడ్ కాదుటే? రెండు రాత్రులు నాకు నచ్చినట్టు మెరుస్తానంటే నీకు పితృస్వామ్యం కనిపిస్తుంది."

అక్కడితో ఆగలేదు. "అసలు నీకు యూనిఫాం లేదూ? మీ సభల ఫోటోలు చూస్తూనే ఉంటాను. అందరికీ చేనేత చీరలు, వెండి జుంకాలు, పెద్ద బొట్టో లేకపోతే అసలు బొట్టే లేకపోవడమో. నైలాన్ చీర కట్టుకుని లిప్‌స్టిక్ వేసుకొచ్చినావిడ మాట మీరు శ్రద్ధగా వింటారా?"

వింటామని గట్టిగా అన్నాను. అంటుండగానే కొన్నేళ్ల కిందటి ఒక సెమినార్ గుర్తొచ్చింది. చిన్న ఊరి కాలేజీ నుంచి ఒక అమ్మాయి పేపరు చదవడానికి వచ్చింది. వాళ్లింట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి. జరీ పువ్వుల సింథటిక్ చీర, చేతినిండా గాజులు, జడలో కనకాంబరాలు. ఆమె దగ్గరున్న మంచి చీర అదేనని చూస్తే తెలుస్తోంది. నా పక్కన కూర్చున్నామె "పెళ్లికొచ్చినట్టుంది" అంది మెల్లగా. నేను నవ్వాను. ఆ అమ్మాయి మమ్మల్ని చూసిందో లేదో తెలీదు. పేపరు చాలా బాగుంది. టీ విరామంలో ఆమె ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి టీ తాగింది. వెళ్లి పలకరించిన వాళ్లలో నేను లేను.

ఎమిలీ పోస్ట్ 1922లో అన్న మాటకీ, మా వరసలో వినిపించిన ఆ గుసగుసకీ తేడా ఏమిటి? చూపించుకోవడానికి ఇంకో చోటు లేనివాళ్లనే రెండూ వెక్కిరించాయి. మా నియమం ఎక్కడా రాసిలేదు కాబట్టి దాన్ని ప్రశ్నించే వీలు కూడా ఆ అమ్మాయికి లేదు. ఓడ కంపెనీ కనీసం నెల ముందు ఉత్తరం పంపించింది.

ఆ రాత్రి అక్కా బావా హాలుకి వెళ్లారు. నేనూ అమ్మా బఫేకి వెళ్లాం. అమ్మ లేత రంగు నూలుచీరలో ఉంది. కిటికీ బయట రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోలేదు. "నీకిక్కడే హాయిగా ఉంది కదమ్మా" అన్నాను. "ఆఁ" అంది.

మా గది శుభ్రం చేసే ఆమెది ఫిలిప్పీన్స్. నా వయసే ఉంటుంది. పిల్లలిద్దర్నీ వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చింది. అక్క గౌన్లు హ్యాంగరుకి తగిలిస్తుంటే, నీకు ఇలాంటివి వేసుకోవాలని ఉండదా అని నేను మూర్ఖంగా అడిగాను. తనకి ఏం వేసుకోవాలో ఆలోచించే పని లేదని, అది ఒక్కటే ఇక్కడ తేలికైన విషయమని నవ్వింది. జుట్టు ఎలా ముడవాలో, గోళ్లకి ఏ రంగు పనికొస్తుందో కూడా రాసి ఇచ్చారట. 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం, కనీస విశ్రాంతిని లెక్కపెట్టే పద్ధతి పాటించే ఓడల్లో సిబ్బందికి వారానికి 77 గంటలు విశ్రాంతి ఇస్తే చాలు. అంటే 91 గంటల దాకా పని చేయించుకోవచ్చు. గౌను వేసుకోవాలా వద్దా అని అక్కా నేనూ వాదించుకుంటున్నంతసేపూ పక్కనే ఆమె దుప్పట్లు మారుస్తోంది. డ్రెస్ కోడ్‌ని కాదని బఫేకి వెళ్లే వీలు ఆమెకి లేదు.

అప్పట్నించీ నాకొక కొలత దొరికినట్టయింది. నియమం ఉందా లేదా అన్నదాని కన్నా, కాదన్నవాళ్లు ఏం పోగొట్టుకుంటారన్నది చూడాలి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు దెబ్బలు తిన్నారు. 1859లో రాజు అనుమతిచ్చినా, పైకులాల స్త్రీలు కప్పుకున్నట్టుగా మాత్రం కప్పుకోకూడదన్న షరతు పెట్టాడు. 2015లో లండన్‌లో నికోలా థార్ప్ అనే రిసెప్షనిస్టు ఎత్తుమడమల చెప్పులు వేసుకోనన్నందుకు జీతం లేకుండా ఇంటికి పంపించేశారు. లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశాక 2017లో బ్రిటిష్ పార్లమెంటు దాని గురించి చర్చించింది గానీ ప్రభుత్వం చట్టం మార్చలేదు. 2021లో దక్షిణ ఢిల్లీలో ఒక రెస్టారెంటు చీర కట్టుకొచ్చినామెని, అది 'స్మార్ట్ క్యాజువల్' కాదంటూ లోపలికి రానివ్వలేదు. ఈ వరసలో ఓడ మీది ఫార్మల్ రాత్రిని పెడితే అది చాలా తేలికైన నియమం. ప్రయాణికురాలు కాదంటే పోయేది ఒక హాల్లో రెండు భోజనాలు. నా తిరస్కారం నాకేమీ ఖర్చు పెట్టించలేదు. ఖర్చులేని తిరస్కారాన్ని ధైర్యంగా చెప్పుకున్నానేమో.

రెండో ఫార్మల్ రాత్రి నేను డెక్ మీద నడిచి గదికి వచ్చేసరికి అమ్మ అద్దం ముందు నిలబడి ఉంది. ధర్మవరం పట్టుచీర కట్టుకుంది. అక్క పెళ్లికి నాన్న కొన్నది. నాన్న 2014లో పోయారు. ఆ తర్వాత ఆ చీర అమ్మ ఒంటిమీద నేను చూడలేదు. అక్క తెప్పించిందేమో అనుకున్నాను. కాదు. అమ్మే ఊరి నుంచి తెచ్చుకుంది, పచ్చళ్ల డబ్బాల కింద, తెల్ల కండువాలో చుట్టి. అంటే ఫోన్లో అక్క ఆ ఉత్తరం చదివిన రోజే నిర్ణయించుకుందన్న మాట.

"రూలు కదమ్మా" అంది నావైపు చూడకుండా. "పట్టుచీరయితే చెల్లుతుందన్నారుగా."

బొట్టు పెట్టుకోలేదు. నేనూ అడగలేదు.

మా ఊళ్లో అమ్మని పట్టుచీర కట్టొద్దని ఎవరూ అనలేదు. నాన్న పోయిన రెండో ఏడు ఒక పెళ్లికి సన్న జరీ అంచున్న చీర కట్టుకెళితే, దగ్గర బంధువొకావిడ అంచుని వేళ్లతో పట్టుకుని చూసి, "బాగుంది, కొత్తదా?" అందట. అంతే. ఆ తర్వాత అమ్మ లేత రంగులు దాటలేదు. నేను విధవల మీద జరిగిన సంఘసంస్కరణ గురించి క్లాసులో పాఠాలు చెబుతాను. ఆ కాలం గడిచిపోయిందనుకుంటూ చెబుతాను.

అక్క వాదనా నా వాదనా రెండూ అమ్మకి సరిపోలేదు. అలంకరణ ఆనందమని అక్క అంటే, ఆ ఆనందం కోసం మా ఊళ్లో అమ్మ ఏం పోగొట్టుకోవాలో అందులో లేదు. నియమాన్ని కాదనడమే స్వేచ్ఛని నేనంటే, నియమం ఉండటం వల్లే తను ఆ చీర కట్టుకోగలిగిందన్న సంగతి అందులో లేదు. తన కోసం కట్టుకున్నానని అమ్మ అనలేదు. రూలన్నారు కాబట్టి కట్టుకుంది. ఎవరో తెలియని కంపెనీ రాసిన నియమాన్ని అడ్డం పెట్టుకుని, తన వాళ్లు రాయకుండా పెట్టిన నియమాన్ని దాటింది. దీన్ని స్వేచ్ఛ అనొచ్చా అని చాలా ఆలోచించాను. ఒక అధికారం నీడలో నిలబడి ఇంకో అధికారం నుంచి తప్పుకోవడం స్వేచ్ఛ కాదని పుస్తకాల్లో చదివాను. కానీ ఆ రోజు అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను.

నేనూ నా మంగళగిరి చీరతో హాలుకి వెళ్లాను. ఎవరూ మమ్మల్ని ప్రత్యేకంగా చూడలేదు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ చీర బాగుందంది, అమ్మ థాంక్యూ చెప్పింది. ఓడ ఫోటోగ్రాఫర్ మెట్ల దగ్గర ముగ్గుర్నీ నిలబెట్టి ఫోటో తీశాడు.

మర్నాడు అక్క ఆ ఫోటో కొని, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టబోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా. ఓడ సంగతి ఓడలోనే ఉండనీ." ఆ ప్రయాణంలో అక్కా నేనూ మొదటిసారి ఒకే పక్షమయ్యాం. ఎవరికి భయపడతావు, ఎన్నాళ్లు భయపడతావు అని ఇద్దరం మీదపడ్డాం.

"మీకేం, మీరు వెళ్లిపోతారు. ఆ వీధిలో రోజూ ఉండాల్సింది నేను" అంది.

ఆ మాటకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఎదిరించమని పక్కవాళ్లకి చెప్పేటప్పుడు ఆ ఎదిరింపు ఖర్చు ఎవరు భరిస్తారో మనం అడగం. ఆవిడ వీధిని మార్చడానికి నేను చేసిందేమిటి? ఏడాదికి రెండుసార్లు చేనేత చీర కట్టుకుని వెళ్లి వస్తాను. ఆ వీధిలో భర్త పోయినవాళ్లు ఇంకా నలుగురున్నారు. వాళ్ల బీరువాల్లో ఏ చీరలున్నాయో ఎప్పుడూ అడగలేదు. మా సెమినార్లకి వచ్చే అమ్మాయిల్ని పలకరించడం మాత్రం ఈ మధ్య మొదలుపెట్టాను. అది చాలా ఆలస్యంగా చేసిన చిన్న పని, గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు.

ఇది రాసేముందు అమ్మని అడిగాను. తన పేరూ ఊరి పేరూ రాయొద్దంది. చీర సంగతి రాయనా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాయి. రంగు కూడా రాయి" అంది.

నెమలికంఠం రంగు.