మూసిన పెట్టె

నిరుటి క్యాలెండరు కాగితాన్ని చదరంగా కత్తిరించి, మూలలు మధ్యకు మడిచి, అంచులు లేపితే కానుక పెట్టె తయారు. మూత కాగితం అరసెంటీమీటరు పెద్దదిగా ఉండాలి, లేకుంటే పట్టదు.

లోపల 20 రూపాయల వస్తువుకు పైన ఇంత సింగారమా, ఇది మోసం కాదా అని తొర్రూరులో ఒక అమ్మ అడిగింది. నేనూ మొదట ఔననే అనుకున్నాను. కాని మన పెండ్లిళ్ళ చదివింపులు చూడండి: ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసి, మైకులో చదువుతారు. లేనివాడు తల వంచుకుంటాడు. మూసిన పెట్టె అతని మర్యాద కాపాడుతుంది. ఉన్నదానికన్నా ఎక్కువ ఇచ్చినట్లు నమ్మించాలని చేస్తే మాత్రం అది మోసమే.

మత్తయి సువార్తలో జ్ఞానులు పెట్టెలు తెరిచి బంగారము, సాంబ్రాణి, బోళము అర్పించారు. పెట్టెలెలా ఉన్నవో సువార్తికుడు చెప్పలేదు.

క్రిస్మస్‌కు ఆ అమ్మ మనుమరాలు పొరుగు పిల్లకు గాజులు అలాంటి పెట్టెలోనే ఇచ్చింది. గాజులు పగిలిపోయాయి. పెట్టెలో ఇప్పుడు సూది, దారం ఉన్నాయి.