పేరుకి ముందా, వెనకా?

పాల్ స్కోఫీల్డ్ ‘సర్’ బిరుదు వద్దన్నాడు. ఈ సంగతి తెలియగానే ఎవరైనా ‘ఎంత నిరాడంబరుడో!’ అంటారు. నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. వద్దనడంలోనూ ఒక దర్జా ఉంది. పుచ్చుకున్నవాళ్ళ జాబితా పొడుగు, వద్దన్నవాళ్ళది పొట్టి. ఆ పొట్టి జాబితాలో ఉండటమే అసలు బిరుదు అనుకునేవాళ్ళూ ఉంటారు.

పైగా ఆయనకి పేరు తెచ్చిన పాత్రే కాదన్న మనిషిది. రాబర్ట్ బోల్ట్ నాటకం ‘ఎ మాన్ ఫర్ ఆల్ సీజన్స్’లో థామస్ మోర్. 1960లో లండన్‌లో, మరుసటేడు బ్రాడ్వేలో, 1966లో సినిమాలో ఆయనే వేశాడు. రాజు కోరిన ప్రమాణం చెయ్యనన్నందుకు మోర్ 1535లో తల పోగొట్టుకున్నాడు. స్కోఫీల్డ్‌కి పోయిందేమీ లేదు. అన్నట్టు, ఆ మోర్ కూడా ‘సర్’ థామస్ మోరే! బిరుదుకీ అంతరాత్మకీ సూటిగా లంకె వెయ్యలేం.

కానీ సినిమాలో ఆ మోర్‌ని చూడండి. వీరుడిలా ఉండడు. ప్రమాణంలో మాటలు ఎలా ఉన్నాయో, తప్పించుకునే సందేమైనా ఉందేమో వెతికే లాయరు. నోరు విప్పకపోతే చట్టం కాపాడుతుందని నమ్ముతాడు. స్కోఫీల్డ్ ఆ మౌనాన్ని గొప్పగా ప్రదర్శించడు, అలసటగా మోస్తాడు. కాదనడంలో అతనికి ఏ సుఖమూ లేదు. మరే దారీ లేక మిగిలిన పని అది.

ఇదే కొలతతో నటుణ్ణి కొలిస్తే? 1956లో సి.బి.ఇ. తీసుకున్నాడు, 2001లో కంపానియన్ ఆఫ్ ఆనర్ తీసుకున్నాడు. రెండూ పేరు వెనక ఉండేవే. మోర్ పాత్రకి ఆస్కార్ వస్తే వేడుకకి వెళ్ళలేదు, వెండీ హిల్లర్ అందుకుంది, అంతేగానీ తిరస్కరించలేదు. అంటే గౌరవాలతో తగువేం లేదు. తనని పిలిచిన ప్రతిసారీ ఎదుటివాడు వాడాల్సిన మాట ఒక్కటే వద్దన్నాడు. ‘మిస్టర్’ చాలదా అన్నది ఆయన వాదన. ‘సర్’ పుచ్చుకున్న గిల్గుడ్, గినెస్‌ల నటన దానివల్ల చెడలేదు గనక ఇది కళ కోసం చేసిన త్యాగమని నేననను. సొంత పేరు మీద మమకారం, అంతే కావచ్చు.

అయితే కీర్తి కాంక్ష తెలియని సాధువూ కాదు. 1979లో నేషనల్ థియేటర్ ‘అమదేయస్’ని మొట్టమొదట వేసినప్పుడు, ఆ కీర్తి కోసం దేవుడితోనే బేరం పెట్టిన సాలియేరీ ఆయనే.