ఫలత్యాగము - న్యాయమైన కూలి

ఫలాపేక్ష లేక స్వకర్మ నాచరింపుమని గీతాచార్యుని ఉపదేశము. ఇది పని చేయువానికి చెప్పబడినది. పని చేయించుకొనువాడు దీనిని తన కనుకూలముగా త్రిప్పుకొని, కూలి తగ్గించుటకు సాధనముగా వాడుకొనవచ్చునా? ప్రతి గృహస్థుడును ఆలోచింపదగిన ధర్మసందేహమిది.

వరినాటు వేళ పొలమును చూడుడు. వేరు తెగకుండ నారు తీయుట, కుదురునకు కొలది మొక్కలనే తీసికొని, మిక్కిలి లోతు పోకుండ, సమమైన ఎడముతో నాటుట అభ్యాసము లేనివారికి సాధ్యము కాదు. దినమంతయు నడుము వంచి ఈ పని చేయువారు ఎక్కువగా స్త్రీలు. ఐనను దుక్కి దున్నువానికి, గట్లు వేయువానికి ఇచ్చుదానికంటె వారికి తక్కువ కూలి యిచ్చుట చాల పల్లెలలో ఆచారము. కారణమడిగినచో “అది ఆడువారి పని, తేలిక పని” యందురు. ఈ తేలికదనము పనిని చూచి పుట్టినది కాదు. చేయువారిని చూచి పుట్టినది.

సమానమైన పనికి స్త్రీపురుషులకు సమాన వేతన ముండవలెనని రాజ్యాంగము 39వ అధికరణము నిర్దేశించుచున్నది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. 1982లో రణధీర్ సింగ్ అను పోలీసుశాఖ డ్రైవరు వ్యాజ్యమున, ఇది రాజ్యాంగ లక్ష్యమేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2019 నాటి వేతనముల స్మృతియు వేతనమున లింగవివక్షను నిషేధించినది. కాని చట్టము ఒకే విధమైన పనులను పోల్చును. నాటు స్త్రీలకు, దుక్కి పురుషులకు పంచియిచ్చినచోట ఆ పోలిక కష్టమగును. అచ్చట తీర్పు చెప్పవలసినది యజమాని మనస్సాక్షియే.

“వారు పాటలు పాడుచు సంతోషముగనే పని చేయుచున్నారు గదా! వారికి లేని అసంతృప్తి మనకేల?” అని కొంద రడుగుదురు. పాట నడుమునొప్పిని మరపించును, కూలిని పెంచదు. ఎక్కువ పొంది యెరుగనివారు ఎక్కువ అడుగరు. తృప్తి వారి సుగుణము. దానిని వెలకట్టి కూలిలో మినహాయించుకొనుట పరధనాపహరణమే.

చిన్న రైతు చేతిలోను సొమ్ము తక్కువ యనుట సత్యమే. ఐనచో ఆ కొరత అందరి కూలిపైనను సమముగ పడవలెను గాని, స్త్రీల కూలిపైననే పడుట న్యాయము కాదు.

కూలి చేతిలో పెట్టుటకు ముందు యజమాని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను: “ఈ నేర్పు, ఈ శ్రమ ఒక పురుషునివైనచో ఇంతే యిచ్చెదనా?” ఫలత్యాగ మనగా తన ఫలమును విడుచుట, ఎదుటివారి ఫలమును విడిపించుట కాదు.