కోయని మాంసం – శీలం ఎక్కడుంది?



2013లో లండన్‌లో మార్క్ పోస్ట్ అనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఒక గొడ్డుమాంసం బర్గర్ చూపించాడు. అది పశువు ఒంటిమీద పెరిగిన మాంసం కాదు. ఆవు కణాలను ప్రయోగశాలలో పెంచి చేసింది. మరి ప్రాణహింస లేనట్టేనా? ఆగి ఆలోచించండి. ఆ కణాలకు పోసిన పోషకంలో, కోసిన చూడి ఆవు కడుపులోని దూడ రక్తం నుంచి తీసిన సీరం ఉంది. తర్వాత అది లేకుండా పెంచే పద్ధతులూ వచ్చాయి.

చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో వివరించారు. ఆ అవసరాన్ని తగ్గించే విజ్ఞానాన్ని మనం కాదనక్కర్లేదు. కానీ ఒక మాట జాగ్రత్త. ఈ మాంసానికి కొందరు ప్రచారకులు 'శుభ్రమైన మాంసం' అని పేరు పెట్టారు. అంటే మిగతాది మురికా? తినేవాళ్లు మురికివాళ్లా? కంచంలో ఏముందో చూసి మనిషిని వెలివేయడం ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంపు మాంసంలో లేదు. హింసలో, దొంగతనంలో, అబద్ధంలో ఉందని ఆమగంధ సుత్తం బోధిస్తుంది.

అందుకే ముద్ద ఏదైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనికోసం ఏ ప్రాణి నొచ్చింది? దీని పేరుతో ఏ మనిషిని తక్కువ చేశారు? మొదటిది మాత్రమే అడిగితే కరుణ సగమే. రెండూ అడగండి, అదే శీలం.

నమో బుద్ధాయ!