నిమ్మళంగా తినుడు

మా అమ్మకు నిమ్మళంగా తినుడు రాదు. మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద ఏండ్ల తరబడి నాట్లేసిన మనిషి. ఒడ్డు మీద గొంతు కూసోని నాలుగు బుక్కలు మింగంగనే ఆసామి కేక పడేది. నీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేది. ఊరి హోటల్ల మా గ్లాసు వేరే, చూరుకు చెక్కి ఉండేది. తాగి, కడిగి, మళ్ల అక్కడనే పెట్టి రావాలె. కూసొమ్మని ఎవడూ అనలే.

పోయిన ఎండాకాలం ఆమెను సూర్యాపేటల కంటి డాక్టరుకు చూపెట్టి, కోదాడల చెల్లె ఇంటికి తీసుకపోతున్న. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఒక తోట హోటల్ కనపడ్డది. పచ్చగడ్డి, చెట్ల కింద బల్లలు. కావాలనే ఆపిన. ఒక్క పూటన్న మా అమ్మ గంటసేపు కూసోని తినాలని నా పంతం.

1950ల అమలైన రాజ్యాంగం 15వ అధికరణం మనకు హోటళ్లలోకి పోయే హక్కునిచ్చింది. ఆపినోనికి 1955 అంటరానితనం నేరాల చట్టం శిక్ష పెట్టింది. లోపలికి పోవచ్చు. మరి తీరిక ఏ చట్టంల ఉంటది? తీరికగ తినుడు దొరల రోగం, మనకెందుకనే మిత్రులున్నరు. నేనొప్పుకోను. మన రెక్కల మీద తీరికగ బతికినోళ్లే మనకు నిరాడంబరత నేర్పుతరు.

ఆ తోటల మమ్ముల ఎవడూ కులం అడుగలే. కులం పోయిందనుకునేరు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలనే, పెద్ద కులం పిల్లను పెండ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ని సంపిన్రు. హోటల్ల కుర్చీ పైసలకు దొరుకుతది, అంతే.

అన్నం వచ్చేదాంక అమ్మ రెండుసార్లు లేసింది. "ఎవలన్న లెవ్వమంటరేమో బిడ్డా" అన్నది. తీరా వచ్చినంక, రెండు బుక్కలు తిన్నదో లేదో, గడ్డిల కలుపు తీస్తున్న ఆడమనిషి కనపడ్డది.

"తిన్నవా బిడ్డా?"

"ఇంక లేదు పెద్దమ్మా. సద్ది తెచ్చుకున్న."

"ఎండల ఎందుకు, ఈడ కూసోని తిను" అని అమ్మ కుర్చీ జరిపింది.

కౌంటరు కాడి మనిషి వచ్చిండు. గొంతు పెంచలే. "పనోళ్లు ఇక్కడ కూసోవద్దమ్మా, ఎనక జాగ ఉన్నది" అన్నడు. ఆమె అప్పటికే కొడవలి పట్టుకొని లేసింది.

నేను మాట్లాడలే. సభల్ల గంటలకొద్ది మాట్లాడేటోన్ని. ఆమె కులమేందో నాకు తెల్వదు, ఆయనా అడగలే. అడగకుండనే చూరు గ్లాసు పని జరిగిపోయింది. ఈసారి నేను బల్ల కాడ ఉన్న. భయపడ్డనా అంటే, లేదు. వేడి అన్నం, చెట్టు నీడ, ఎదురుంగ అమ్మ. ఇంత కష్టపడి తెచ్చుకున్న పూట చెడుతదని ఊకున్న. ఒడ్డు మీద కేకేసిన ఆసామికి మా మీద పగేం లేకుండె. ఆయన పూట ఆయనకు చెడొద్దు, అంతనే.

అమ్మ నన్నేమనలే. పళ్లెం పట్టుకొని గోడ ఎనకకు పోయింది. సద్ది గిన్నెల మా కూర సగం పోసింది. నాట్లు, కూలి, బిడ్డల పెండ్లిండ్లు, ముచ్చట ఒడువలే. ముప్పావుగంట అయింది. నేను బిల్లు కట్టి, నీళ్ల సీసా పట్టుకొని గోడ మలుపుల నిలబడ్డ.

"ఆగు బిడ్డా," అన్నది, నా దిక్కు చూడకుండనే, "ఇంక తింటున్న."